కొత్తలు పెట్టేదాకా కాయ ముట్టొద్దు: ములుగు అడవిలో ఒక కోయ గూడెం కేస్ స్టడీ

మొర్రిచెట్టు చలి తగ్గే రోజుల్లో పూస్తుంది. ఎండలు ముదిరేసరికి కాయ పట్టి, వైశాఖంలో నల్లగా పండుతుంది. పండు తియ్యగా ఉంటుంది. లోపలి గింజ పగలగొడితే వచ్చేదే సారపప్పు. మిఠాయి దుకాణాల దాకా వెళ్లే సరుకు కాబట్టి అడవిలో ఏరుకునే వాటిలో దీనికి మంచి ధర పలుకుతుంది. ములుగు జిల్లాలో నేను పనిచేసిన గూడెంలో ఆ ధరే చెట్టుకు చేటు తెచ్చింది. కాయ పచ్చిగా ఉండగానే కోసేవాళ్లు. చేతికందని కొమ్మను నరికి, కింద పడేసి కోసేవాళ్లు. పచ్చికాయలో పప్పు నిండదు, ఎండితే ముడుచుకుపోతుంది, షావుకారు తక్కువ కడతాడు. నరికిన కొమ్మ మళ్లీ కాతకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఇవేవీ కోసేవాళ్లకు తెలియని సంగతులు కావు. నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఎందుకు కోస్తున్నారని అడిగితే ఎవరిని కదిపినా ఒకటే జవాబు: "ఇయ్యాల నేను ఇడిసిపెడితే రేపు పొద్దుగాల ఇంకోళ్లు కోసుకపోతరు సార్."

అడవి హక్కుల చట్టం కింద గ్రామసభలు తమ అడవికి సొంత నిర్వహణ ప్రణాళిక రాసుకోవడంలో సాయపడటం నా పని. సంప్రదాయ విజ్ఞానం అనగానే మాలాంటివాళ్లం మూలికల పేర్లు రాసుకోవడానికి నోటుబుక్కు తీస్తాం. ఈ గూడెంలో పనిచేశాక నాకు కుదిరిన నమ్మకం వేరు. ఏ కాయను ఎప్పటిదాకా ముట్టకూడదు, ఆ మాట ఎవరు చెబితే ఊరు వింటుంది, వినకపోతే ఏం జరుగుతుంది అన్న మూడు సంగతులు అడవిని నిలబెడతాయి. ఇందులో మొదటిది ఊళ్లో ఇంకా బతికే ఉంది. మిగతా రెండూ చెదిరిపోయాయి. వాటిని మళ్లీ నిలబెట్టడానికి ఆ ఊరు ఏం చేసిందో, ఎక్కడిదాకా వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. మొర్రి, బంకనిచ్చే తపసి చెట్లు ఇంకా మిగిలి ఉన్న చోటు బయటికి తెలిస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. పేరు పెట్టొద్దని గ్రామసభే అడిగింది.

ఊరు, అడవి

గూడెం ఏటూరునాగారం అభయారణ్యం అంచున ఉంటుంది. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడు, 1952లో ప్రకటించిన అభయారణ్యం ఇది. విస్తీర్ణం సుమారు 800 చదరపు కిలోమీటర్లు. ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, తిరుమాను, ఏగిస, తునికి, ఇప్ప, మొర్రి, మోదుగ కలగలిసి ఉంటాయి. వాగుల పక్కన వెదురు, రాతిగుట్టల మీద తెల్లటి బెరడుతో తపసి. ఈ జిల్లాలోనే లక్నవరం, రామప్ప చెరువులున్నాయి. అటు నర్సంపేట వైపు పాకాల ఉంది. కాకతీయులు వీటికి కట్టలు వేసిన చోటు చూడండి, పైన గుట్టలు, గుట్టల మీద అడవి. పైన చెట్టు ఉన్నంతవరకే కింద చెరువులోకి తేటనీళ్లు దిగుతాయి. చెట్టు పోతే దిగేది మట్టి. అడవి గురించి మాట్లాడేటప్పుడు కింద ఆయకట్టు రైతుకు కూడా అందులో భాగం ఉందని మనవాళ్లు తరచూ మరిచిపోతారు.

గూడెంలో ఎక్కువమంది కోయలు. కొన్ని నాయకపోడు ఇళ్లున్నాయి. వాగు అవతల గుత్తికోయల గుంపు ఒకటి ఉంది, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. వరి, మొక్కజొన్న పండిస్తారు, కొంత పోడు (అడవి కొట్టి చేసే సాగు) ఉంది. అయితే ఎండాకాలంలో చేతిలో ఆడే డబ్బంతా అడవి నుంచే వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు. ఆ వెనకే తునికాకు, మొర్రి. తొలకరికి ఇప్పగింజ. చలికాలంలో ఉసిరి, కరక్కాయ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం (అటవీ శాఖ, ఊరివాళ్లు కలిసి అడవిని చూసుకునే పద్ధతి) మొదలైనప్పుడు పుట్టిన వన సంరక్షణ సమితుల్లాంటిదే ఈ ఊళ్లోనూ ఒకటి ఉండేది. 2002 తర్వాత ప్రపంచబ్యాంకు నిధులతో సామాజిక అటవీ యాజమాన్యం వచ్చాక కందకాలు, మొక్కలు, నర్సరీ పనులు నడిచాయి. నిధులు ఆగాయి, సమితి కూడా ఆగింది. ఆ కాలం నాటి ప్రణాళిక కాగితాలు ఊళ్లో ఒకరింట్లో దొరికాయి. టేకు, వెదురు, నీలగిరి గురించి అందులో వివరంగా ఉంది. ఇప్ప, మొర్రి అన్న మాటే లేదు. ఆ ఊరి ఆడవాళ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ చెట్ల కింద గడుపుతారో ఆ చెట్లు ప్రణాళికలోకి రాలేదు. మేం మొదలుపెట్టింది అక్కడి నుంచే.

కట్టుబాటు ఎట్లా నడిచేది

కోయల పండుగలు చాలామటుకు ఒక నియమం చుట్టూ తిరుగుతాయి. కొత్త పంటైనా కొత్త పండైనా ముందు వేల్పులకు పెట్టాలి (ఇదే కొత్తలు పెట్టడం), అప్పటిదాకా ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు. మామిడికి ఉంది, చిక్కుడుకు ఉంది, ఇప్పపువ్వుకు ఉంది. ఈ గూడెంలో మొర్రికి కూడా ఉండేదని పెద్దవాళ్లు చెప్పారు. పండుగ తేదీ పంచాంగం చూసి పెట్టేది కాదు. పూజారి, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు అడవిలోకి పోయి చెట్లు చూసి వచ్చేవాళ్లు. ఒక ముసలమ్మ నాకు ఇట్లా చెప్పింది:

"గుట్ట కింది చెట్లు ముందు పండుతయి బిడ్డా, వాగు మీది చెట్లు ఆలిస్యం. రెండు తావుల చూసి, సగం కాయ నల్లవడ్డదంటెనే పండుగ. గంతవరకు రాలిన కాయ కూడ ముట్టకపోతుంటిమి. ముట్టినోళ్లకు తప్పు పడుతుండె."

ఈ నాలుగు మాటల్లో అటవీశాస్త్రం చదివినవాళ్లు చెప్పే చాలా సంగతులు ఇమిడి ఉన్నాయి. కోత మొదలయ్యే రోజు ఏడాదికేడాది మారాలి, ఎందుకంటే ఎండ, వాన ఏటా ఒకేలా ఉండవు. ఒక్క చెట్టును చూసి తేల్చకూడదు, నేల మారితే పండే కాలం మారుతుంది. నిర్ణయం బహిరంగంగా జరగాలి, అందరికీ ఒకే రోజు మొదలవ్వాలి. ముందు కోసిన మనిషికి లాభం లేకుండా చేయాలి. ఆ చివరిది లేకపోతే మిగిలినవి నిలవవు. జరిమానాను ఇక్కడ తప్పు అంటారు. తప్పు కట్టించే అధికారం పెద్దమనుషులకు ఉన్నన్నాళ్లు మొర్రికి ప్రత్యేకంగా కాపలా అక్కర్లేకపోయింది.

ఇప్పచెట్ల పద్ధతి వేరు. ఊరి దగ్గరి ఇప్పచెట్లు ఇంటింటికీ పంచి ఉంటాయి. తాతల నాటి పంపకం. ఒకరి చెట్టు కింద ఇంకొకరు పువ్వు ఏరరు. అందుకే ఇప్పచెట్టును ఇక్కడ ఎవరూ నరకలేదు. మొర్రి అందరిదీ. అందరిదైన దాని మీద కట్టుబాటు సడలితే అది ఎవరిదీ కాకుండా పోతుంది.

వేల్పులు ఉండే చోట కొంత అడవి ఉంది, పెద్దది కాదు. అందులో గొడ్డలి పెట్టరు. మేడారం దగ్గర చిలకలగుట్ట సంగతి అందరికీ తెలిసిందే. సమ్మక్కను తెచ్చే గుట్ట అది, పూజారులు తప్ప జనం ఎక్కరు, అందుకే దాని మీది అడవి దానికి మిగిలింది. ఈ గూడెం వేల్పుల చోటు కూడా చిన్న ఎత్తులో అట్లాంటిదే. పెద్దవాళ్లతో కలిసి అడవి తిరిగినప్పుడు మాకు కనిపించిన అన్నిటికన్నా లావైన మొర్రి, తపసి చెట్లు అక్కడే ఉన్నాయి. చుట్టూ పక్కల పిల్లమొక్కలు కూడా. ఊరు మొత్తానికి అది విత్తనాల గాదె.

ఎక్కడ తెగింది

కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ ఒకే బరువువి కావు. ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లలు పండుగలకు ఊళ్లో ఉండటం లేదన్నది పెద్దల బాధ. నిజమే గానీ దానివల్ల మొర్రికొమ్మలు తెగవు. అసలు దెబ్బ రెండు వైపుల నుంచి తగిలిందని నా అభిప్రాయం.

ఒకటి, కొనేవాడు సీజన్‌కు ముందే అడ్వాన్సు ఇవ్వడం. చలికాలంలో చేతిలో పైసలు లేనప్పుడు తీసుకున్న అప్పు, ఏప్రిల్ వచ్చేసరికి కాయగా తీర్చాలి. పండిందా లేదా చూసే వ్యవధి అప్పుకు ఉండదు. రెండు, బయటి ఊళ్ల నుంచి ఆటోలు, బండ్ల మీద వచ్చి కోసుకుపోయేవాళ్లు. వాళ్లను ఆపబోతే "అడవి మీ తాతదా, సర్కారుది" అన్నారట. దానికి పెద్దమనుషుల దగ్గర జవాబు లేకపోయింది. బయటివాడిని ఆపలేని పెద్దమనిషి సొంత ఊరివాడికి తప్పు ఎట్లా కట్టిస్తాడు? ఒకటి రెండు సీజన్లలోనే మొర్రిపండుగ పేరుకు మిగిలింది. వేల్పులకు పెట్టేసరికి చెట్ల మీద కాయ ఉండటం లేదని పూజారి నాతో అన్నప్పుడు ఆయన గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువ వినిపించింది.

ఇప్పచెట్టు కింది అగ్గి

మేం మొర్రి గురించి మాట్లాడుదామని గ్రామసభ పెడితే ఆడవాళ్లు మాటను ఇప్పచెట్టు మీదికి తిప్పారు. అది మంచిదైంది. ఈ కేసులో నేను అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది. తెల్లారకముందే పోయి ఏరాలి. ఆలస్యమైతే పశువులు, దుప్పులు తింటాయి. చీకట్లో పోతే ఎలుగుబంటి ఎదురుపడుతుంది, దానికీ ఆ పువ్వంటే ప్రాణం. చెట్టు కింద ఆకులు పరుచుకుని ఉంటే పువ్వు కనిపించదు. అందుకని ఏరడానికి ముందు చెట్టు కింద ఆకుకు అగ్గి పెడతారు. నేల నల్లగా శుభ్రంగా అవుతుంది, పసుపురంగు పువ్వు దూరానికి కనిపిస్తుంది. పెట్టిన అగ్గి చెట్టు కిందే ఆరిపోతే ఇబ్బంది లేదు. మార్చి ఎండలో, గాలికి అది ఆగదు. గుట్ట ఎక్కుతుంది.

అడవి తగలబడితే ముందు అడవి పక్కనున్న ఆదివాసుల మీద నేరం మోపడం అలవాటు. అందుకే ఈ ఊళ్లో అగ్గి అన్న మాట ఎత్తగానే అందరూ మౌనమయ్యారు. ఒకావిడ లేచి అన్నది: "మా అమ్మ ఊడ్చేది. నేను కాలవెడుతున్న. మా అమ్మకు ఇంట్ల ఆరుగురం ఆడివిల్లలం ఉంటిమి, నాకు ఎవరున్నరు?" అన్నీ ఆ మాటలోనే తేలాయి. ఊడ్చే పద్ధతి పాతది. అగ్గి పద్ధతి పనిచేసే చేతులు తగ్గాక వచ్చింది. ఎవరికీ తెలివి లేక కాదు. ఒక్క మనిషి పది చెట్ల కింద ఊడ్చలేదు.

అగ్గి ఏం చేస్తుందో చూడటానికి అడవిలో చిన్న చిన్న గడులు గుర్తుపెట్టాం. కొన్ని ఏటా కాలే చోట, కొన్ని వాగు అడ్డం ఉండి అగ్గి రాని చోట. మొలకలు లెక్కపెట్టింది ఊరి పిల్లలే. కాలిన గడుల్లో తునికి, టేకు పిలకలు బాగానే కనిపించాయి. అవి కాలినా వేరు నుంచి మళ్లీ లేస్తాయి. మొర్రి, ఇప్ప మొక్కలు మాత్రం అగ్గి రాని గడుల్లోనే ఉన్నాయి. ఇప్పచెట్లను లావు వారీగా చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ముసలి చెట్లున్నాయి, నడివయసువి కొన్ని ఉన్నాయి, పడుచు చెట్లు దాదాపు లేవు. ఉన్న చెట్లను కంటికి రెప్పలా కాపాడుకున్న ఊరికి, వాటి తర్వాత రావలసిన చెట్లు రావడం లేదని ఆ రోజు కళ్లకు కట్టింది. పువ్వు ఏరాక కాయ, కాయ తర్వాత గింజ, అన్నీ ఏరుకుంటున్నారు. కింద మిగిలిన కాసిన్ని గింజలు మొలిచినా వచ్చే ఎండాకాలం అగ్గికి పోతున్నాయి. అగ్గి తప్పినా పశువుల కాలికి.

గ్రామసభ ఆ రోజు తీసుకున్న నిర్ణయాల్లో ముఖ్యమైనవి చెబుతాను. పువ్వు రాలడం మొదలవ్వకముందే ఇప్పచెట్ల కింద ఊడ్చాలి. ఒంటరి ఆడవాళ్ల, ముసలివాళ్ల చెట్ల కింద పడుచువాళ్ల గుంపు పోయి ఊడ్చి రావాలి. అగ్గి పెట్టక తప్పదనుకుంటే ఆకును చెట్టుకు దూరంగా కుప్పగా లాగి, పొద్దున మంచు ఆరకముందే, ఇద్దరు తక్కువ కాకుండా ఉండి, ఆరిందాకా కదలకుండా కాల్చాలి. ఊడ్చే గుంపుకు ఇంటికి ఇంత పువ్వు అని ఇవ్వాలి. ఇది పాతకాలపు బదులు పని లాంటిదే, కొత్తగా ఎవరూ కనిపెట్టింది కాదు.

కొందరు పాత చీరలు కుట్టి చెట్టు కింద కట్టి చూశారు. పువ్వు మట్టి అంటకుండా పడింది, ఎండబెట్టాక రంగు బాగుంది. గాలి గట్టిగా వీచినప్పుడు మాత్రం చీరలు నిలవలేదు. మంచి వల దొరికితే బాగుంటుందని ఆడవాళ్ల మాట. అడవి కాపాడటానికి ఖర్చు పెట్టే పథకాలలో ఇట్లాంటి వలకు చోటు ఉండాలని నేను గట్టిగా అంటాను. ఒక మొక్కను నాటి మూడేళ్లు పెంచే ఖర్చు పక్కన ఇది చాలా చిన్నది. పైగా అది అసలు కారణాన్ని పట్టుకుంటుంది.

ఇప్పగింజకు ఎక్కువ రోజులు మొలిచే శక్తి ఉండదు. దాచిపెట్టి వచ్చే ఏడు నాటుదామంటే కుదరదు. రాలిన కొద్దిరోజుల్లోనే మట్టిలో పడాలి. వేరు లోతుగా దిగుతుంది కాబట్టి పీకి నాటితే సరిగా బతకదు. అందుకే తొలకరిలో గింజనే నేరుగా పోడు గట్ల మీద, అగ్గి రాని చోట్ల పూడ్చాలని అనుకున్నారు. వేల్పుల చోటులోని ఇప్పచెట్ల గింజ ఎవరూ ఏరకూడదని పూజారి చెప్పాడు. ఆ మాటకు ఎదురు లేదు.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వీచిన పెనుగాలికి సుమారు 200 హెక్టార్లలో 50 వేలకు పైగా చెట్లు కూలిపోయాయి. మా గూడెం అడవికి ఆ దెబ్బ తగల్లేదు గానీ పెద్దవాళ్లు పోయి చూసి వచ్చారు. అక్కడ ఏం నాటాలన్న చర్చ బయట చాలా జరిగింది. వీళ్లు వచ్చి అన్నది ఒకటే: వేరు నేలలో మిగిలినవి వాటంతట అవే లేస్తాయి, ముందు ఎండాకాలంలో అగ్గి రాకుండా చూడండి. ఎండిన కట్టె అంత పరిచి ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ పడితే పిలకలతో సహా పోతుంది. నాకు అది అత్యంత సరైన సలహాగా తోచింది.

పెద్దలకు తెలియనివి

పాత విజ్ఞానం పాతది కాబట్టి అంతా సరైనదే అనుకునే ధోరణి మా పనిలో కొంత ఉంది. తపసిబంక సంగతి చూస్తే అది తప్పని తెలుస్తుంది. తపసి మీద గొడ్డలితో లోతుగా, కట్టె తగిలేదాకా గాట్లు పెడితే బంక ఎక్కువ వస్తుందని ఊళ్లో నమ్మకం. మొదటి ఏడు నిజంగానే ఎక్కువ వస్తుంది. ఆ గాయం మానదు, లోపల పుచ్చిపోతుంది, కొన్నేళ్లకు గాలికి చెట్టు విరుగుతుంది. గుట్టల మీద తపసి అంత పలచబడటానికి ఇదే ముఖ్య కారణం. గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ బంక తీసేవాళ్లకు నేర్పిన పద్ధతి వేరు. లావైన చెట్టునే ఎంచుకోవాలి. పదునైన కత్తితో బెరడు వరకే చిన్న గాటు పెట్టాలి. కొన్నాళ్లకోసారి దాన్నే కాస్త పైకి జరపాలి. చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. బంక మట్టిలో పడకుండా పట్టాలి. ఇది బయటినుంచి వచ్చిన విద్య. గ్రామసభ దాన్ని తీసుకుని తన కట్టుబాటులో కలిపింది. కొత్త విద్యను తీసుకోవడానికి వాళ్లు వెనకాడలేదు. "ఇది మా తాతలకు తెల్వకపాయె" అని ఒక పెద్దాయన అన్నాడు, అంతే.

వెదురు దగ్గర మాత్రం వాళ్ల పద్ధతే పుస్తకాల పద్ధతి. ఆ ఏడు లేచిన బొంగును కోయరు. వానకాలంలో పొదలోకి పోరు, పిలకలు తొక్కుడు పడతాయని. ముదిరిన బొంగును పొద లోపలినుంచి తీస్తారు, ఒక పక్క దారి చేసుకుని. కోత నేలకు దగ్గరగా, కణుపు మీద. అమావాస్య రోజుల్లో కోస్తే పురుగు పట్టదంటారు. చంద్రుడి సంగతి నేను తేల్చలేను గానీ చలికాలంలో కోయాలన్న వాళ్ల రెండో నియమంలో బలం ఉంది. అప్పుడు బొంగులో పిండిపదార్థం తక్కువగా ఉంటుంది, పురుగుకు తిండి దొరకదు.

తునికాకు గురించి చెప్పాల్సింది తక్కువ. యాభై ఆకుల కట్ట, వెయ్యి కట్టల స్టాండర్డ్ బ్యాగు, ఆకు కొని ఎండబెట్టే కల్లం, అక్కడ లెక్క చూసే కల్లేదారు, అంతా పైనుంచి నడిచే వ్యవస్థ. ఊరి చేతిలో ఉన్నది ప్రూనింగ్, అంటే తుప్ప కొట్టడం ఒక్కటే. ఫిబ్రవరిలో తుప్ప కొట్టకుండా అగ్గి పెట్టినా కొత్త చిగురు వస్తుంది, అందుకే కొందరు ఆ దారి పడతారు. ఊరి మొత్తానికి తుప్ప కొట్టే పని సమయానికి జరిగితే ఆ అగ్గి అవసరం లేదు. పండ్లు కాసే పెద్ద తునికిచెట్ల జోలికి పోవద్దని కూడా రాసుకున్నారు. పిల్లలకు ఎండాకాలంలో దొరికే పండు అది.

రాసుకున్నవి, రాయకుండా ఉంచుకున్నవి

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా పెట్టడంతో దేశమంతా రిజిస్టర్లు హడావిడిగా పూర్తయ్యాయి. ఈ ఊరికి సంబంధించిన దాంట్లో చెట్ల పేర్లు ఉన్నాయి. ఏ చెట్టు ఎక్కడ తగ్గుతోంది, ఎవరు ఎప్పుడు కోస్తున్నారు అన్నది లేదు.

ఊరు తన కోసం వేరే పుస్తకం రాసుకుంది. గుట్టలు, వాగులు, వేల్పుల చోటు, కాలే చోట్లు, ఏ పండు ఏ నేలలో ముందు పండుతుంది అన్నవి ఉన్నాయి. రాసింది ఊళ్లో ఇంటర్ చదివిన ఇద్దరు అమ్మాయిలు. మందుచెట్ల దగ్గరికి వచ్చేసరికి వైద్యం చేసే పెద్దాయన ఒప్పుకోలేదు. గురువు దగ్గర నేర్చుకున్నది, అడిగినవాళ్లందరికీ చెప్పేది కాదని అన్నాడు. కొందరు పడుచువాళ్లు "రాయకపోతే నీతోనే పోతది తాతా" అని బతిమాలారు. చివరికి ఆయన తన మనవడిని వెంట తిప్పుకుంటానని, పుస్తకంలో మాత్రం వద్దని చెప్పాడు. మేం ఆ పేజీలు ఖాళీగా వదిలేశాం. విజ్ఞానం నమోదు చేయడం మన హక్కు అనుకునే సంస్థలు ఈ సంగతి ఆలోచించాలి. చెప్పకపోవడం కూడా ఆయన కట్టుబాటులో భాగం. దాన్ని గౌరవించిన తర్వాతే ఆయన అడవి నడకలకు మాతో రావడం మొదలుపెట్టాడు.

హక్కు

"అడవి మీ తాతదా" అని బయటివాడు అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి కదా. 2006 నాటి అడవి హక్కుల చట్టంలో అది ఉంది. సెక్షన్ 3(1)(సి) కలపేతర అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఇస్తుంది. సెక్షన్ 3(1)(ఐ) తరతరాలుగా కాపాడుకుంటున్న సామాజిక అటవీ వనరును కాపాడే, నిర్వహించే హక్కు ఇస్తుంది. సెక్షన్ 5 గ్రామసభకు ఆ అధికారం చేతికిస్తుంది. అభయారణ్యం అయినా ఇది వర్తిస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం కూడా తోడుంది.

మన దగ్గర ఈ చట్టం అంటే పోడు పట్టా అన్నట్టే అయింది. 2023లో రాష్ట్రంలో సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచారు. అది అవసరమే, ఆ పట్టా కోసం ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి కేసులు మోశాయి. అయితే పట్టా ఇంటికి వస్తుంది. మొర్రిచెట్టు ఎవరి పట్టాలోనూ ఉండదు. ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక హక్కు పత్రాలు చాలాచోట్ల వన సంరక్షణ సమితుల పేరిట ఇచ్చారు, గ్రామసభ పేరిట కాకుండా. చట్టం చెప్పింది అది కాదు. అందుకే ఈ ఊరు పాత సమితిని పక్కనపెట్టి గ్రామసభ పేరుతోనే, 2012 సవరణ నియమాల్లోని ఫారం-సిలో దరఖాస్తు పెట్టింది. సరిహద్దుకు ఆధారంగా పెద్దల వాంగ్మూలాలు, వేల్పుల చోటు, పాత పశువుల దారులు, పక్క ఊళ్ల పెద్దమనుషుల సంతకాలు జత చేశారు. హక్కు పత్రం ఈ రాత రాసేనాటికి చేతికి రాలేదు.

అయినా దరఖాస్తు పెట్టే క్రమమే కొంత పని చేసింది. సరిహద్దు నడక కోసం పక్క ఊళ్ల పెద్దలను పిలవాల్సి వచ్చింది. అదే నడకలో, మొర్రి రెండు ఊళ్లలో ఒకే రోజు తెరవాలన్న మాట పుట్టింది. తీర్మానం నకలు అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ఇచ్చారు. బయటి ఆటోలు వస్తే ఊరు కబురు చేస్తుంది, ఆయన చెక్‌పోస్టులో ఆపిస్తాడు. ఇది కాగితం మీద లేని ఒప్పందం. ఆయన బదిలీ అయితే ఏమవుతుందో తెలియదు, అందుకే హక్కు పత్రం కావాలి.

ఏం మారింది, ఏం మారలేదు

మొర్రి పచ్చికాయ కోత మొదటి ఏడు పూర్తిగా ఆగలేదు. పండుగకు ముందే కొందరు కోశారు. గ్రామసభ వాళ్లను పిలిచి తప్పు కట్టించింది. డబ్బు కంటే, అందరి ముందు నిలబడటమే వాళ్లకు బరువైంది. రెండో ఏడు పండుగ నాటికి చెట్ల మీద పండు ఉంది. కొమ్మ నరకడం దాదాపు ఆగింది. పండాక కోసిన గింజలో పప్పు నిండుగా ఉండి, అమ్మినప్పుడు తేడా చేతికి తెలిసింది. అడ్వాన్సు సంగతి మాత్రం తీరలేదు. మహిళా సంఘం నుంచి చిన్న అప్పులు ఇచ్చి కొన్ని ఇళ్లను దాన్నుంచి తప్పించగలిగారు. అందరినీ కాదు. చలికాలంలో చేతికి డబ్బు అందే దారి లేనంతకాలం కొన్ని ఇళ్లకు కాయ పండేదాకా ఆగే శక్తి ఉండదు. వాళ్ల మీద తప్పు వేయడం అన్యాయమని గ్రామసభలో ఆడవాళ్లే అన్నారు. ఇప్పుడు అట్లాంటి ఇళ్లను ముందే గుర్తించి సంఘం అప్పులో మొదటి వంతు వాళ్లకు ఇస్తున్నారు.

అగ్గి తగ్గింది. ఊరి వైపు ఇప్పచెట్ల కింద ఊడ్చడం నిలకడగా సాగుతోంది. దూరపు గుట్ట మీద ఇంకా కాలుతోంది, ఎవరు పెడుతున్నారో తేలలేదు. గట్ల మీద పూడ్చిన ఇప్పగింజల్లో మొలిచినవి ఉన్నాయి, మేకలు తిన్నవీ ఉన్నాయి. ముళ్లకంప కట్టినవి నిలబడ్డాయి.

మిగిలిన పెద్ద సమస్య వాగు అవతలి గుత్తికోయలు. వాళ్లు ఇదే అడవిలో ఇదే మొర్రి కోస్తారు. వాళ్లకు ఇక్కడ హక్కు పత్రాలు లేవు, ఏ సభలోనూ చోటు లేదు. ఊళ్లో ఒక వర్గం వాళ్లను రానివ్వొద్దంటోంది. పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. వాళ్ల వేల్పులూ మన వేల్పుల చుట్టాలే, ఆకలి కూడా అదే అంటున్నారు. నా అభిప్రాయం కూడా అదే. సభలో కూర్చోబెట్టని మనిషికి సభ పెట్టిన కట్టుబాటు వర్తించమంటే వర్తించదు. ఈ సీజన్‌కు ముందు మొర్రి చూసి రావడానికి పోయే పెద్దమనుషుల్లో గుత్తికోయల గుంపు నుంచి ఇద్దరిని కలపాలని పూజారి ప్రతిపాదించాడు. గ్రామసభలో దాని మీద రెండుసార్లు వాదన జరిగింది, తీర్మానం కాలేదు. మాఘమాసంలో మళ్లీ కూర్చుంటున్నారు. ఈసారి వాగు అవతలివాళ్లను కూడా పిలిచారు.